విండోస్‌ని తిట్టే ముందు

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. దానికి ముందూ వెనకా కొన్ని నెలలపాటు, పుస్తకాలు వేసుకునే మిత్రులు ఎవరు కలిసినా ఒకటే శోకం. కొత్త విండోస్‌లో మన కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఎక్కడంలేదట, పేజ్‌మేకర్ తెరుచుకోవడంలేదట, ఇక మన పుస్తకాల గతేం కాను? సరిగ్గా ఇదే శోకం 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి నీళ్ళొదిలినప్పుడు విన్నాను. 2020 జనవరిలో విండోస్ 7 వంతు వచ్చినప్పుడూ విన్నాను. ప్రతిసారీ దోషి అమెరికా కంపెనీ, బాధితులం మనం. మూడోసారి కూడా ఇదే పాట వినేసరికి నాకు ఒళ్ళు మండింది.

కంపెనీ తప్పేమీ లేదని నేననను. నిక్షేపంలాంటి కంప్యూటర్‌ని, అందులో టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 గడప తొక్కనివ్వదు. ఇంటెల్ ప్రాసెసర్లయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే అర్హత. గుంటూరులోనో వరంగల్లులోనో రెండు సిస్టమ్‌లతో డీటీపీ షాపు నడుపుకునే మనిషికి అది చిన్న దెబ్బ కాదు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం చాటున మన బాకీ దాచుకుంటున్నాం, నా గొడవంతా దానిమీదే.

మా మేనమామ కథలు 2004లో పుస్తకంగా వచ్చాయి. 212 పేజీలు, 500 కాపీలు. ఆయన పోయాక మళ్ళీ వేద్దామనుకున్నాం. ఇంట్లో సీడీ ఉంది, పైన మామయ్య చేతిరాతతో ‘కథలు - ఫైనల్’ అని కూడా ఉంది. మంచిదే అనుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి చూస్తే ఫైల్ తెరుచుకోలేదు. ఎలాగో అక్షరాలు బయటికి లాగితే, నెత్తిన కొమ్ములూ కాళ్ళకింద తోకలూ ఉన్న రోమన్ అక్షరాలు పేజీలకు పేజీలు. అప్పుడు డీటీపీ చేసినాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన షాపులో ఓ మూల దుప్పటి కప్పిన ఎక్స్‌పీ సిస్టమ్ ఉంది. ఇంటర్నెట్ లేదు. “దాన్ని ఆపితే మళ్ళీ లేస్తదో లేదో తెలీదు సార్. అది ఉన్నన్ని రోజులే పాత పుస్తకాలు” అన్నాడు. మామయ్య పుస్తకంలో వాడిన ఫాంటు అందులోనూ లేదు. అది అంతకుముందు పోయిన సిస్టమ్‌తోపాటే పోయింది.

చివరికి మళ్ళీ టైప్ చేయించాం. మామయ్యది శ్రీకాకుళం వైపు. ఆయన కథల్లో మనుషులు ‘ఎల్లిపోనారు’, ‘సెప్పినాను’ అంటారు. టైప్ చేసినమ్మాయి, పాపం మంచి ఉద్దేశంతోనే, సగం చోట్ల ‘వెళ్ళిపోయారు’, ‘చెప్పాను’ అని దిద్దేసింది. బండి ఱలన్నీ మామూలు ర అయిపోయాయి. మూడు ప్రూఫులు చూశాం. ఇంకా ఎన్ని మిగిలాయో తెలీదు. ఇరవయ్యేళ్ళ క్రితం ఆయన దగ్గరుండి దిద్దుకున్న ప్రతి మా చేతిలోనే ఉంది. దాన్ని చదవగల యంత్రం మాత్రం లేదు.

దీన్ని విండోస్ ఖాతాలో వెయ్యడం సులువు. అసలు సంగతేమిటంటే ఆ ఫైల్లో ఎప్పుడూ తెలుగు లేదు. మనకి ‘క’ కనిపించినచోట కంప్యూటర్‌కి తెలిసింది ఏదో రోమన్ అక్షరం సంఖ్య మాత్రమే. ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది. ఒక ఫాంటులో ఉన్న రెండొందల చిల్లర గదుల్లో తలకట్టొక ముక్క, గుడొక ముక్క, ఒత్తొక ముక్కగా సర్దారు. ఎవరి సర్దుబాటు వాళ్ళది కనక ఒక కంపెనీ ఫాంటులో కొట్టినది ఇంకో కంపెనీ ఫాంటులో చెత్త. పైగా కొన్నిటికి కంప్యూటర్ వెనక గుచ్చే తాళం, అదే డాంగిల్, ఒకటి. అది గుచ్చడానికి కావలసిన బెజ్జం కొత్త కంప్యూటర్లకి ఉండనే ఉండదు. వెతికితే మాట దొరకదు, అకారాది క్రమంలో పెట్టమంటే పెట్టదు. కాయితమ్మీద అచ్చు పడినంతవరకూ అది తెలుగే, కాదనను. కాయితం దాటితే కాదు.

మరి వేరే దారి లేదా అంటే, యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే, మొదటి కూర్పులోనే చోటిచ్చారు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది. దేశికాచారిగారి పోతన 2000 ఉచితంగా దొరికేది. అంటే మామయ్య పుస్తకం అచ్చయ్యేనాటికి తెలుగుని తెలుగుగా దాచుకునే వీలు ఉంది.

ఇక్కడ ప్రచురణకర్తల పక్షాన ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. దాచుకునే వీలుంది గానీ పేజీ కట్టే వీలు లేదు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలీదు. ఇన్‌డిజైన్‌లో కూడా 2012లో సీఎస్6 వచ్చేదాకా తెలుగు యూనికోడ్ పెడితే ఒత్తులు చెల్లాచెదురయ్యేవి. అప్పటిదాకా పాత ఫాంట్లతో పుస్తకాలు చేసినవాళ్ళని నేనేమీ అనను. కానీ 2012 తర్వాత? అడోబీ 2004లోనే కొత్త కూర్పులు ఆపేసిన పేజ్‌మేకర్‌ని ఇవాళ్టికీ పట్టుకు వేళ్ళాడుతూ, “బాగానే నడుస్తోందిగా, ఎందుకు మార్చాలి” అనేవాళ్ళకి ఏ సమర్థన ఉంది? ఫాంట్లు బాగోలేవంటారు. మండలి, రామరాజ, సురన్న, ధూర్జటి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. నచ్చకపోతే డబ్బిచ్చి చేయించుకోవాలి. దొంగ కాపీ పేజ్‌మేకర్‌కి అలవాటుపడ్డ ప్రాణానికి ఆ మాట రుచించదని తెలుసు.

యూనికోడ్‌లో మాత్రం ఇబ్బందుల్లేవా అంటారు. ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక్కటి, మధ్యలో కనిపించని ఒక గుర్తుతో కలిసి, ఐఫోన్లని కూల్చేసింది. ఆ అక్షరమున్న మెసేజి వస్తే ఆ యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. జ్ఞానం బరువు ఫోను మొయ్యలేకపోయిందని మనవాళ్ళు నవ్వుకున్నారు కూడా. ఆ తర్వాతేమైందో ఎవరూ తల్చుకోరు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. తెలుగుమీద ప్రేమ పొంగి కాదు. ఆ అక్షరం ప్రపంచంలోని ప్రతి ఐఫోన్‌కీ ఒకే సంఖ్యతో చేరుతుంది, ఎవరి ఫోనైనా కూలగొట్టగలదు, వాళ్ళకి తప్పలేదు. అదే మన ప్రైవేటు ఫాంటులో అచ్చు తప్పితే సరిచెయ్యడానికి ఎవరున్నారు? ఆ కంపెనీ తలుపు తీసి ఉంటే కంపెనీ, లేకపోతే దుప్పటి కప్పిన ఎక్స్‌పీ.

ఇంకో జవాబు తయారుగా ఉంటుంది: “పీడీఎఫ్ ఉంది కదండీ.” ఉంది. చూడ్డానికి చక్కగానే ఉంటుంది. అందులో ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట పెట్టి చూడండి, మళ్ళీ అవే కొమ్ములూ తోకలూ. ఫోన్లో చదవడానికి అక్షరం పెద్దది చేస్తే వరస పక్కకి పోతుంది. చూపులేని నా మిత్రుడొకడు కంప్యూటర్ గొంతుతో వింటూ చదువుతాడు. ఈ పత్రికలో వ్యాసాలు వింటాడు, వికీసోర్స్‌లో టైప్ చేసిపెట్టిన పాత పుస్తకాలు వింటాడు. ఇవాళ పేరున్న రచయిత కొత్త నవల పీడీఎఫ్ పంపితే అతనికి వినిపించేది అర్థంలేని శబ్దాల వరస. నూరేళ్ళనాటి పుస్తకం అతనికి అందుతోంది, నిరుడు వచ్చిన పుస్తకం అందడంలేదు. దీనికి మైక్రోసాఫ్ట్‌ని ఎలా నిందించాలో ఎవరైనా చెబితే వింటాను.

మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి, కొందరు సొంత సరదాతో, సొంత ఖర్చుతో రాసినవి. వాటితో పని జరుగుతుంది, కానీ కాస్త పేరున్న ఫాంట్లకే, అదీ అక్షరాలు బయటికి తీయగలిగితేనే. ఇన్‌డిజైన్ పాత కూర్పులు పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరిచేవి, సీఎస్6 తర్వాతివి తెరవవు. అంటే ఆ దారి కూడా ఏడాదికేడాది సన్నబడుతోంది. పాత సిస్టమ్ ఇంకా లేస్తున్న షాపుల్లో ఈ పని ఈ ఏడాదే చేయించాలి. ఖర్చవుతుంది. ఆవిష్కరణ సభకి శాలువాలూ దండలూ మానేస్తే కొంత సర్దుకుంటుంది.

రచయితలకు కూడా ఇందులో పాలుంది. మనం రాసేది ఇప్పుడు చాలావరకు ఫోన్లోనే, అంటే యూనికోడ్‌లోనే. దాన్ని పట్టుకెళ్ళి పాత ఫాంటులోకి మార్పించి, ఆ ఫాంటులో ప్రూఫులు దిద్ది, అచ్చయ్యాక దిద్దిన ప్రతిని షాపులోనే వదిలేసి వస్తాం. మన దగ్గర మిగిలేది దిద్దనిది. దిద్దినది కావాలని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. నాకూ రాలేదు, మొన్నమొన్నటిదాకా.

మామయ్య పుస్తకం రెండో ముద్రణ అయ్యాక ప్రచురణకర్తని యూనికోడ్ ఫైల్ ఇమ్మన్నాను. “అదెందుకండీ మీకు? పీడీఎఫ్ పంపించాంగా” అన్నాడాయన. రెండు వారాలు ఫోన్లు చేశాక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి తెరిచి, వెతికే గడిలో ‘ఎల్లిపోనారు’ అని కొట్టాను. 31 చోట్ల దొరికింది. పాత పుస్తకం పక్కన పెట్టుకుని లెక్కపెడితే 34 ఉండాలి. ఆ మూడూ వెతుకుతున్నాను.