తాటిచెట్టు దగ్గర మొదలు కావలసిన పాఠం

ఎంబీబీఎస్ తొలి ఏడాదిలో చెప్పే అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, నేటికీ చాలాచోట్ల రోగి ప్రసక్తి లేకుండా ఎముకల, కండరాల, నరాల పేర్ల వల్లెవేతగానే సాగుతుండటం విచారకరం.

పట్టిసీమ వంటి గోదావరి ఒడ్డు ఊళ్లలో మోకు జారిన గీత కార్మికుడు పడిపోతూ ఒంటిచేత్తో తాటిమట్టను పట్టుకుంటే, చెయ్యి ఒక్క ఊపున పైకి సాగి, మెడ నుంచి చేతికి దిగే నరాల అల్లికలో, అంటే బ్రేకియల్ ప్లెక్సస్‌లో, అట్టడుగున ఉన్న రెండు మూలాలు తెగవచ్చు. వేళ్లను ఆడించే చిన్న కండరాలు చచ్చుబడి చెయ్యి కొక్కెంలా వంగిపోతుంది; కంటిపాపను, రెప్పను అదుపు చేసే తంతువులు కూడా ఆ దారినే వస్తాయి గనుక ఒక్కోసారి అదే వైపు రెప్ప వాలుతుంది. క్లంప్కీ పక్షవాతమనే పేరుతో పుస్తకంలో ఒక్క వాక్యానికి పరిమితమైన ఈ స్థితినే పాఠానికి ఆరంభంగా తీసుకుంటే, చెయ్యి దెబ్బతింటే కన్ను ఎందుకు మారిందన్న ప్రశ్నే విద్యార్థి చేత నరాల అల్లిక మొత్తం వెతికిస్తుంది. డెల్టాను తరతరాలుగా పీడించిన బోదకాలు వ్యాధి కూడా కాలి నుంచి గజ్జకు సాగే లింఫు నాళాల దారిని అలాగే బోధించగలదు.

2019 నాటి కొత్త పాఠ్యప్రణాళిక తొలి ఏడాదిలోనే రోగుల పరిచయం ఉండాలన్నది నిజమే కాని, ఒక్క అనాటమీకే 675 గంటలు కేటాయించి, ఈ పరిచయానికి ఆ ఏడాది చెప్పే మూడు సబ్జెక్టులకూ కలిపి 90 గంటలే ఇచ్చింది. శవపరిచ్ఛేదాన్ని తగ్గించమని ఎవరూ కోరనక్కరలేదు. టేబుల్ మీది దేహం పక్కన సర్జన్ కూడా నిలబడి, అదే నరం తెగిన మనిషి వార్డులో ఎలా ఉంటాడో చెప్పాలి.

2023లో రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలలు తలా 150 సీట్లతో మొదలైనప్పుడు సీట్లను లెక్కించినంత శ్రద్ధగా బోధకులను ఎవరూ లెక్కించలేదు. ఇక పట్టిసీమ దగ్గర గోదావరిని కృష్ణకు మళ్లించేందుకు 24 పంపులను అంత వేగంగా నిలబెట్టిన రాజ్యం, ఆ ఒడ్డునే చెట్టు మీంచి పడినవాణ్ణి నరాల శస్త్రచికిత్స తెలిసిన వైద్యుని వద్దకు సకాలంలో చేర్చే ఏర్పాటుకు అంత పట్టుదల చూపకపోవడం క్షమించరానిది. తెగిన నరాన్ని అతికించడానికి మొదటి ఆరు నెలలే అనువైన కాలం. ఆ తరువాత ఆలస్యమయ్యేకొద్దీ కండరం కోలుకునే ఆశ సన్నగిల్లుతుంది.