వరుస తప్పని పఠనం

చాలా తెలుగు క్రైస్తవ కుటుంబాలలో కొత్త సంవత్సరం వాగ్దానపు కార్డుతో మొదలవుతుంది. ఆ ఒక్క వచనం ఏడాది పొడవునా అద్దం పక్కనో బైబిలు పుటల మధ్యనో ఉంటుంది. అందులో తప్పు లేదు; కాని ఓదార్చే వాక్యాలనే ఏరుకునేవారికి ఆ గ్రంథంలో తమ కోరికలే తిరిగి వినిపిస్తాయి.

స్కాట్లండులోని డండీ సంఘకాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘస్థుల కోసం ఒక పఠన పట్టికను రూపొందించారు. రోజుకు సుమారు నాలుగు అధ్యాయాలు; ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. మరుసటి ఏడాదే, 29 ఏళ్ళ వయసులో, ఆయన కన్నుమూశారు. పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. దానివల్ల కలిగే ప్రమాదాలనూ ఆయనే హెచ్చరించడం విశేషం: చదువు మొక్కుబడి కావచ్చు, లెక్క పూర్తిచేసినవారిలో స్వనీతి తలెత్తవచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు.

అయినా పట్టిక అవసరమే. వరుసగా చదివేవారు లేవీయకాండంలోని బలుల వివరాలు దాటి, యోబు స్నేహితుల దీర్ఘోపన్యాసాలు భరించి, 88వ కీర్తనకు చేరుకుంటారు. ఆ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. వాగ్దానపు కార్డులకు అది పనికిరాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మాత్రం, దేవునితో అలా మొరపెట్టుకోవచ్చునని, ఆ మొర కూడా లేఖనమేనని ముందే తెలిసి ఉండడం చిన్న సంగతి కాదు. దుఃఖం ముంచెత్తాక ఆ పుటను వెతికే ఓపిక ఉండదు.

నాలుగు అధ్యాయాలు బరువైతే రెండే చదవవచ్చు. ఏడాదికి బదులు రెండేళ్ళు పడుతుంది, అంతే.