పిల్లి పేరు ఏ లెక్కలోనూ లేదు

2019 పశుగణనలో ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు, పందులు, గాడిదలు, ఒంటెలు ఉన్నాయి. కుక్కను లెక్కపెట్టారు, కుందేలును లెక్కపెట్టారు, ఏనుగును కూడా లెక్కపెట్టారు. పిల్లిని మాత్రం వదిలేశారు. 2024 అక్టోబరులో మొదలైన తర్వాతి గణనలోనూ దానికి చోటు దొరకలేదు. ఇస్నాపూర్ నుంచి పాశమైలారం దాకా ఏ గల్లీలో చూసినా ఏదో ఒక గోడ మీద పిల్లి ఉంటుంది. రాత్రంతా పనిచేసే ఆ ప్రాణిని సర్కారు లెక్కల్లో రాయరు, ఇళ్లలో ఉండనివ్వరు. నా బాధ అదే.

నాది ఇస్నాపూర్‌లో కిరాణా దుకాణం. చుట్టూ రేకుల రూములు. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి కంపెనీ పనులకు వచ్చినవాళ్లు ఒక్కో రూములో నలుగురైదుగురు ఉంటారు. మూలకు బియ్యం సంచి, పక్కన ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు, గోడ వెనక మోరీ. ఎలుకకు ఇంతకన్నా ఏం కావాలి? అది తినేది పిడికెడే, పాడుచేసేది బస్తా. సంచిని కింది కుట్టు దగ్గర కొరుకుతుంది, లోపల ఉచ్చ పోస్తుంది, పెంటికలు వేస్తుంది. ఆ బియ్యం ఎవరికి అమ్మను? ఫ్రిజ్ వైరు కొరికితే ఆ ఖర్చు వేరు. వానాకాలంలో ఎలుక ఉచ్చ కలిసిన నీళ్లలో కాళ్లు పెట్టి లెప్టోస్పైరోసిస్ తెచ్చుకునే ప్రమాదమూ ఉంది. ఎలుకలున్న చోటికి వాటిని వెతుక్కుంటూ పాములు కూడా వస్తాయి.

మా దుకాణంలో బూడిద రంగు చారల ఆడపిల్లి ఒకటి ఉంది. షట్టర్ సగం దించగానే బస్తాల మీదుగా ఒక చుట్టు తిరిగి, కందిపప్పు సంచికీ గోడకూ మధ్య సందు ముందు కూర్చుంటుంది. ముందు కాళ్లు పొట్ట కిందికి మడిచి, ఒక చెవి సందు వైపు, ఒక చెవి నా వైపు తిప్పి పెడుతుంది. నేను లెక్కలు చూసుకుని, గల్లా సర్ది, లైటు తీసేదాకా ఆ తోక కొస తప్ప ఏదీ కదలదు. పొద్దున వచ్చేసరికి గల్లా కింద ఒక చుంచు పడి ఉంటుంది. దీనికి నేను ఇచ్చేది నాలుగు చేప తలకాయలు, గిన్నెడు నీళ్లు.

పిల్లి వద్దనేవాళ్లు దాని బదులు ఏం వాడుతున్నారో చూడండి. జిగురు అట్ట పెడితే ఎలుకతో పాటు బల్లీ పిచ్చుకా అంటుకుని గిలగిలా కొట్టుకుని చస్తాయి. ఎలుకల మందు పేస్టుల్లో కొన్నింట్లో పసుపు భాస్వరం ఉంటుంది. అది మనిషి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. నేల మీదే వండుకుని, నేల మీదే పడుకునే రూముల్లో, పాకే పిల్లలున్న చోట అలాంటిది పెడుతున్నాం. పైగా మందు తిన్న ఎలుకను తిని పిల్లి కూడా చచ్చే ప్రమాదం ఉంది.

పిల్లి చేయలేనిదీ ఒప్పుకుంటాను. పెద్ద పందికొక్కు ఎదురైతే చాలా పిల్లులు తప్పుకుంటాయి. న్యూయార్క్‌లో చెత్త శుద్ధి చేసే ఒక కేంద్రంలో పరిశోధకులు కెమెరాలు పెట్టి చూసి, 2018లో ఫలితాలు ప్రకటించారు. పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు చాలా తక్కువ. కానీ పిల్లి తిరిగే వేళ ఎలుకలు బయటికి రావడం తగ్గింది. కిరాణావాడికి కావలసింది అదే. చుంచులు, ఎలుక పిల్లలు సంచుల మధ్య కాపురం పెట్టకపోతే చాలు.

పక్కనే పటాన్‌చెరులో 1972లో పెట్టిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి పంటల విత్తన రకాలు లక్ష ఇరవై వేలకు పైగా అక్కడ చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. ప్రపంచపు విత్తనానికి ఆ కాపలా ఉండాల్సిందే. మా బియ్యం సంచికి మాత్రం పిల్లే కాపలా. అసలు మనిషి గింజ దాచుకోవడం నేర్చాకే పిల్లి అతని గడపకు చేరింది. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిపెట్టి ఉండటం తవ్వకాల్లో బయటపడింది. మన తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మొదలయ్యేది కూడా ఎలుకల బెడదతోనే. రాయలవారు ఇంటింటికీ పిల్లిని పంచి, దాన్ని సాకడానికి ఒక ఆవును కూడా ఇచ్చారు. రామకృష్ణుడు వేడి పాలు పెట్టి పిల్లిని పాలంటేనే భయపడేలా చేసిన సంగతే అందరికీ గుర్తుంది. పనిచేసే ప్రాణికి తిండి ఏర్పాటు చేయాలన్న రాజు బుద్ధి ఎవరికీ గుర్తులేదు.

మనమిచ్చే మర్యాద ఏమిటి? షిఫ్టుకు పోతుంటే పిల్లి అడ్డమొచ్చిందని బండి ఆపి రాయి విసురుతారు. చెడు జరిగితే ఆ పిల్లి పేరే చెబుతారు. ఫ్యాక్టరీలో ప్రమాదాలకు కారణాలు వాల్వుల్లో, పీడనంలో, పర్యవేక్షణ లోపంలో ఉంటాయి. గేటు ముందు రోడ్డు దాటిన పిల్లికీ వాటికీ ఏం సంబంధం? సంగారెడ్డిలో, సదాశివపేటలో నాకు తెలిసిన ముస్లిం ఇళ్లలో పిల్లి అన్నం వడ్డించే దస్తర్‌ఖాన్ పక్కకు వచ్చినా కసరరు. ఇస్లాంలో పిల్లి ఎంగిలి అపవిత్రం కాదు. ఆ మన్నన మిగతా ఇళ్లకు ఎందుకు రాదు? బీరంగూడ, అమీన్‌పూర్ అపార్టుమెంట్లలో వేలు పోసి కొన్న పర్షియన్ పిల్లి ఏసీలో పడుకుంటుంది. మన ఎండకు తట్టుకునే నాటు పిల్లిని అదే అపార్టుమెంటు వాచ్‌మన్ కర్రతో తరుముతాడు.

మా పక్కింటావిడ రూము మారాలని వెతుకుతుంటే ఒక ఓనరు మొహం మీదే చెప్పాడు: "పిల్లి ఉంటే రూము ఇయ్యనమ్మా, ఇల్లంతా వాసనొస్తది." వాసన అబద్ధం కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లి గోడల మీద ఉచ్చ చిమ్ముతుంది, రాత్రుళ్లు అరుస్తుంది. ఆడపిల్లి చూలు కట్టిన రెండు నెలలకే ఈని, ఏడాదిలో మళ్లీ మళ్లీ ఈనుతుంది. ఆపరేషన్‌తో ఇదంతా చాలావరకు తగ్గుతుంది. మా పిల్లిని తీసుకుని ఒక పశువుల దవాఖానకు వెళితే, "ఇది గొడ్ల దవాఖాన అన్నా, పిల్లులకు మా దగ్గర ఏం లేదు" అన్నారు. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, బస్సులో మియాపూర్ దాకా పోయి ప్రైవేటు డాక్టరుకు చూపించాను. పన్నెండు గంటల డ్యూటీ చేసే కూలి ఆ పని ఎప్పుడు చేస్తాడు, ఆ ఫీజు ఎక్కడినుంచి తెస్తాడు?

పిల్లితో బతకడానికి కొంత తెలివిడి కావాలి, అది చెప్పేవాళ్లే లేరు. పాలన్నం, పెరుగన్నంతోనే సాకితే టారిన్ అనే పోషకం అందక దాని చూపు, గుండె దెబ్బతింటాయి. దానికి మాంసమో చేపో తప్పదు. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ గోలీ ముక్క వేస్తే ప్రాణం పోతుంది. ఇది మందుల కంపెనీల ప్రాంతం, ఆ గోలీ లేని ఇల్లు ఉండదు. రసాయనాల డ్రమ్ముల యార్డుల్లో తిరిగిన పిల్లి పాదాలకు అంటింది నాకి మింగుతుంది. కరిచినా రక్తం వచ్చేలా గీరినా సబ్బుతో కడిగి, రేబిస్ టీకా కోసం దవాఖానకు పోవాలి. గర్భిణులు దాని పెంట ఎత్తకూడదు, మిగతావాళ్లు ఏ రోజుది ఆ రోజే తీసేయాలి. పెంటలోని టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మనిషికి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి పక్షులకు పిల్లితో ముప్పు ఉంది, ఆ గట్టు దగ్గర పిల్లుల్ని పెంచేవాళ్లు రాత్రుళ్లు లోపలే ఉంచుకోవాలి. ఇవేవీ మోయలేని బరువులు కావు.

జనన నియంత్రణ నిబంధనలు 2001లో కుక్కల పేరుతో వచ్చాయి. 2023లో ఆ పేరు మార్చి జంతువులన్నారు. మా గల్లీకి వచ్చేది మాత్రం ఇప్పటికీ కుక్కల బండే. ఆ బండిలో పిల్లులకు నాలుగు బోన్లు పెట్టమని మున్సిపాలిటీని అడుగుతున్నాను. పటాన్‌చెరు, సంగారెడ్డి పశువైద్యశాలల్లో వారానికి ఒక పూట పిల్లుల ఆపరేషన్లకు, రేబిస్ టీకాకు కేటాయించాలి. అది ఆదివారమైతే కంపెనీ పనివాళ్లు కూడా తెచ్చుకోగలుగుతారు. తర్వాతి పశుగణనకు ఫారాలు అచ్చు వేసే ముందు కుక్క వరుస కింద పిల్లికి ఒక వరుస చేర్చాలి.