అందరికీ ఒకటే ముద్దా?

మా ఇంట్లో పెద్దాడికి కారం కావాలి, చిన్నదానికి పప్పన్నం మెత్తగా పిసకాలి. ఏ తల్లీ అందరికీ ఒకే ముద్ద కలిపి పెట్టదు. మరి బడిలో నలభైమందికీ ఒకే పాఠం, ఒకే వేగం అంటే మనకెందుకు కోపం రాదమ్మా?

మా పాలమూరులో అమ్మానాన్నల వెంట వలసపోయి ఆర్నెల్లకు తిరిగొచ్చిన పిల్లొకతె అయిదో తరగతిలో కూచుంది. "భాగారాలు నేను లేనప్పుడు చెప్పిండ్రమ్మా" అంది. ఆ ఆర్నెల్లూ ఎవరూ తిరిగివ్వలేదు; "మొద్దు" అనే బిరుదు మాత్రం ఇచ్చారు! నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లకు కాళ్లు వంకరపోయిన పిల్లల్ని చూశాను. వాళ్లు నేలమీద మఠం వేసుక్కూర్చోలేరు. వాళ్లకో బల్ల వెయ్యడం కూడా చదువు చెప్పడంలో భాగమే కదా!

ఇది నా చాదస్తం కాదు. ప్రతి పిల్ల శక్తినీ టీచరు అంచనా కట్టి, అవసరమైతే అదనంగా చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షనులోనే ఉంది. 2022లో తొలిమెట్టు పేరుతో తెలంగాణ ప్రభుత్వమూ పిల్లల స్థాయినిబట్టే చెప్పమంది. బాగానే ఉంది. కానీ ఒక్క పంతులమ్మ మూడు తరగతులు చూసే చోట ఎవరి స్థాయి కొలుస్తుంది? ఆవిడను తిట్టి లాభం లేదు.

ఈసారి బడికి వెళితే మార్కులెన్నని అడక్కండి. "మా పిల్ల ఎక్కడ ఆగిపోయింది? అక్కణ్ణించి చెప్పే మనిషేరీ?" అని అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.