నేల తిరిగి ఇచ్చే బలం

మన వార్షికోత్సవ వేదికపై డాక్టర్ అబ్దుల్ కలాం గారి పేరు తలవని వక్త అరుదు. అగ్నిని గురించి, పృథ్విని గురించి మన విద్యార్థులు అనర్గళముగా ప్రసంగించగలరు. కాని పోలియో సోకిన పిల్లల కాళ్ళకు తేలికైన ఆధారము చేసిన ఘట్టమును ఆయన ఎన్నో సభలలో ఎంత ఆనందముతో చెప్పుకొన్నారో తలచేవారు తక్కువ.

1982లో ఆయన హైదరాబాదులోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు సంచాలకులుగా వచ్చినారు. 1989 మే 22న తొలిసారి ఎగిరిన అగ్ని కొరకు అక్కడ మిక్కిలి తేలికైన కార్బన్ పదార్థము రూపొందినది. ఒకనాడు నిమ్స్ నుండి ఎముకల వైద్యులొకరు ఆ ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థమును చేతితో ఎత్తి చూచి, కలాం గారిని తమ ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోయినారు. అక్కడి పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లను ఈడ్చుకొంటూ నడుస్తున్నారు. మూడు వారములలో 300 గ్రాముల కాలిపర్ సిద్ధమైనది.

ఆ మూడు కిలోలు ఎంత బరువో మా ఇంటిలో తెలుసు. మా పెద్ద ఆపా ఏడవ తరగతితో చదువు మానివేసినది. ఎనిమిదవ తరగతి మేడమీద ఉండెడిది. ఆమె మెట్లెక్కలేదని అందరూ అన్నారే గాని, తరగతిని క్రిందికి దింపవచ్చునని ఎవరికీ తోచలేదు. నాకు కూడా తోచలేదు. అప్పుడు నేను పసివాడను.

ఈ తేలిక కాలిపర్ పని చేసే తీరును నేను మన భౌతికశాస్త్ర ఉపన్యాసకుల వద్ద అడిగి తెలిసికొన్నాను. తొడ కండరము బలహీనమైతే మోకాలు ముందుకు కుంగిపోవును. పాత పద్ధతిలో తొడ వరకు కడ్డీలు వేసి, మోకాలికి తాళము బిగించెడివారు. ఈ పద్ధతిలో చీలమండను కదలనీయక, మోకాటి దిగువన ముందువైపు ఒక పలక అమర్చుతారు. పాదము నేలను అదిమినపుడు నేల తిరిగి ఇచ్చే బలము ఆ పలక ద్వారా కాలిని వెనుకకు నెట్టి మోకాటిని నిలబెట్టును. మన పిల్లలు మార్కుల కొరకు వల్లెవేసే న్యూటన్ మూడవ సూత్రమే ఇది! తెలుగు చెప్పుకొనే నాకు కూడా ఆ రోజు అది పద్యమువలె వినిపించినది.

నా ఫిర్యాదు ఒకటున్నది. ఈ కథను మనము ఒక మహాపురుషుని దయాగుణముగా చెప్పి ముగిస్తాము. తనది కాని ప్రయోగశాలలోనికి వచ్చి అడిగిన ఆ వైద్యుని చొరవ ఏమైనది? కొలతలు తీసి, అచ్చులు పోసిన చేతుల మాట ఏమి? జైపూర్ పాదము విషయములోను ఇంతే. 1981లో మెగసేసే పురస్కారము అందుకొన్న డాక్టర్ సేఠీ గారు ఎరుకే. ఆయనతో కలిసి ఆ రబ్బరు పాదమును మలచిన, అంతగా బడి చదువు లేని శిల్పి రామచంద్ర శర్మను ఎందరు ఎరుగుదురు?

మన దేశములో చివరి వైల్డ్ పోలియో కేసు 2011లో నమోదైనది, ఇక ఈ ప్రస్తావన దేనికని కమిటీ పెద్దలు అడుగవచ్చును. అంతకు ముందు సోకినవారు మన మధ్యనే ఉన్నారు. రోడ్డు ప్రమాదములలో కాళ్ళు పోగొట్టుకొన్నవారు నేలకొండపల్లి బస్టాండులో ప్రతిదినము కనబడుతూనే ఉన్నారు.

నేను కోరేది పెద్ద ప్రయోగశాల కాదు. వారమునకు రెండు గంటలు చాలును. సైన్సు విద్యార్థులు ఒక ఉపన్యాసకుని వెంట వెళ్ళి, చంకకర్రల రబ్బరు అరిగినదా, పట్టీ ఎక్కడ ఒరుసుకొనుచున్నది అని చూచి వ్రాసికొనిరావలెను. మా భాషా విభాగముల విద్యార్థులు కాలిపర్ వాడుకను, చర్మ రక్షణను తెలుగులోను ఉర్దూలోను చిన్న కరపత్రముగా వ్రాయవలెను. వైద్యులకు చూపించిన పిదపనే అచ్చు వేయవలెను. పరీక్షా ఫలితములు దెబ్బతినునని ఒకరిద్దరు సహాధ్యాపకుల శంక. ఆ రెండు గంటలు నా ఖాళీ పీరియడ్లనుండి తీసికొనవచ్చును.

ఆపా పాత కాలిపర్ ఇంకను మా అటకమీదనే ఉన్నది. విప్పి చూచెదమని ఇద్దరు విద్యార్థులు అడిగినారు. ఆపా ముందు నవ్వినది, తరువాత ఒప్పుకొన్నది. సెలవులు ముగియగానే తెచ్చి ఇస్తాను.