శ్లాబుల దగ్గరే ఆగిపోయిన పన్ను చర్చ

కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల రూపాయల దాకా ఆదాయంపై పన్ను ఉండదని 2025 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ఉద్యోగులకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా కలుపుకుంటే ఆ గీత 12.75 లక్షలకు చేరుతుంది. ఇందువల్ల ప్రత్యక్ష పన్నుల్లో సుమారు లక్ష కోట్ల రూపాయలు వదులుకుంటున్నట్టు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. మధ్యతరగతి చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే కొనుగోళ్లు పెరుగుతాయన్నది ప్రభుత్వ పక్షం వాదన. దేశ జనాభాలో రిటర్నులు వేసేవారే కొద్దిమంది, వారిలోనూ సగానికి పైగా పన్ను కట్టే అవసరం లేనివారు, కాబట్టి ఆ లక్ష కోట్లూ చేరేది పై మెట్టు వారికేనన్నది విమర్శకుల మాట.

రెండు వాదనలకూ లెక్కల దన్ను ఉంది. అంతకు ముందు ఏడాది శ్లాబులతో పోల్చి, సెస్సును పక్కన పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. ఏడు లక్షల ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల అప్పటికే పన్ను లేదు. ఈ బడ్జెట్ వల్ల వారికి కొత్తగా ఒరిగింది ఏమీ లేదు. 12 లక్షల వారికి 80 వేలు మిగిలాయి. 24 లక్షల వారికి 1.10 లక్షలు, 50 లక్షల వారికీ అంతే. రూపాయల్లో లెక్కిస్తే పైవారికి ఎక్కువ దక్కింది. ఆదాయంలో వాటాగా చూస్తే 12 లక్షల వారికి 6.7 శాతం, 50 లక్షల వారికి 2.2 శాతం. ఎవరికి కావలసిన కొలబద్ద వారు పట్టుకుని టీవీ చర్చల్లో కూర్చుంటారు. పన్ను కట్టని వారికి పన్ను తగ్గింపు అందదన్న సాదా విషయం మాత్రం ఏ కొలబద్దతో చూసినా మారదు.

ఆదాయం పెరిగేకొద్దీ పెరిగిన భాగంపై రేటు పెరగడమే పురోగామి పన్ను. పై శ్లాబులోకి వెళితే మొత్తం జీతంపై పెద్ద రేటు పడుతుందన్న భయం ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అది అపోహే. కానీ 12 లక్షల గీత దగ్గర ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అక్కడిదాకా పడే 60 వేల పన్నును రిబేటు మాఫీ చేస్తుంది, గీత దాటగానే రిబేటు పోతుంది. కొద్దిపాటి అదనపు ఆదాయానికి అంత పన్ను పడకుండా మార్జినల్ రిలీఫ్ అనే ఏర్పాటు ఉంది. గీత దాటిన సొమ్ముకు మించి పన్ను వేయకూడదన్నది దాని సారాంశం. పన్ను వర్తించే ఆదాయం 12.10 లక్షలైతే పన్ను 10 వేలు, సెస్సుతో 10,400. అదనంగా వచ్చిన పది వేలూ పోగా, ఇంకో 400 చేతినుంచి కట్టాలి. సుమారు 12.70 లక్షలు దాటేదాకా ఇదే తంతు. ఇందిరా గాంధీ కాలపు 97.75 శాతం రేటును ఎగతాళి చేసేవారు నూరు శాతం దాటిన ఈ 70 వేల మేర గురించి నోరు మెదపరు.

ఆ 97.75 శాతం కథ కూడా ఒక్కసారిగా పుట్టింది కాదు. ఆర్థిక శాఖను తన దగ్గరే ఉంచుకున్న ఇందిర 1970 బడ్జెట్‌లో గరిష్ఠ రేటును సర్‌ఛార్జితో కలిపి 93.5 శాతం చేశారు. మరుసటి ఏడాది సర్‌ఛార్జి పెరగడంతో రెండు లక్షలు దాటిన ఆదాయంపై అది 97.75 అయింది. పైగా సంపద పన్ను వేరే. ఇంత రేటు పెడితే లెక్కలు దాచడమే లాభసాటి అవుతుందని, దాన్ని 75 శాతానికి తగ్గించాలని వాంఛూ కమిటీ సిఫారసు చేసింది. 1974లో 77 శాతానికి దించారు. ఆర్థిక మంత్రులుగా 1985లో వి.పి. సింగ్ 50కి, 1997లో చిదంబరం 30కి తెచ్చారు. నాటి నుంచి మూల రేటు 30 దగ్గరే ఉంది. కొత్త విధానంలో సర్‌ఛార్జి, సెస్సు కలిపితే రెండు కోట్లు దాటినవారికి గరిష్ఠంగా 39 శాతం పడుతుంది.

97 నుంచి తగ్గిస్తే రాబడి పెరుగుతుందన్నది నమ్మదగిన మాటే. 30 నుంచి తగ్గించినా పెరుగుతుందనడానికి అదే ఆధారం చాలదు. 1997 తర్వాత వసూళ్లు పెరిగిన మాట వాస్తవమే అయినా, అదే కాలంలో పాన్ సంఖ్య, మూలంలోనే పన్ను కోత విస్తరించాయి. సాఫ్ట్‌వేర్ వంటి రంగాల్లో దాచడానికి వీల్లేని జీతాలు పెరిగాయి. ఘనతంతా రేటు కోతకే కట్టబెట్టడం సరికాదు.

కంపెనీల విషయంలో రేటు కోత వాదనకు 2019 సెప్టెంబర్ 20న పరీక్ష ఎదురైంది. మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను 22 శాతానికి, కొత్త తయారీ సంస్థలకు 15 శాతానికి తగ్గింది. వదులుకున్న రాబడి 1.45 లక్షల కోట్లని అంచనా. కార్పొరేట్ పన్ను వసూళ్లు 2018-19లో 6.63 లక్షల కోట్లు, 2019-20లో 5.57 లక్షల కోట్లు. ఆర్థిక మందగమనం పాత్ర కూడా అందులో ఉంది. తర్వాత లాభాలతో పాటు వసూళ్లూ కోలుకున్నాయి. పన్ను తగ్గిస్తే పెట్టుబడులు, ఉద్యోగాలు వెల్లువెత్తుతాయన్న హామీ మాత్రం ఆ స్థాయిలో నెరవేరలేదు. కంపెనీల లాభాలు 15 ఏళ్ల గరిష్ఠానికి చేరినా జీతాలు వెనకబడ్డాయని 2024-25 ఆర్థిక సర్వేనే ఒప్పుకుంది. 2025-26 బడ్జెట్ అంచనాల్లో కేంద్రానికి వచ్చే ప్రతి రూపాయిలో వ్యక్తుల ఆదాయపు పన్ను 22 పైసలు, కంపెనీల పన్ను 17 పైసలు. కంపెనీల కంటే వ్యక్తులు ఎక్కువ మోసే పరిస్థితిని పురోగామి విధానమనడం కష్టం.

అసలు చిక్కు దేన్ని ఆదాయమంటారన్న దగ్గర ఉంది. జీతం 24 లక్షలు దాటితే ఆపై ప్రతి రూపాయిపై 30 పైసలు. అదే సొమ్ము ఏడాదికి మించి ఉంచుకున్న లిస్టెడ్ షేర్లు అమ్మితే వచ్చిందనుకుంటే, మొదటి 1.25 లక్షలు పోను 12.5 పైసలే. సంపన్నుల ఆదాయంలో షేర్ల వాటా ఎక్కువ కాబట్టి శ్లాబుల పట్టికలో ఎక్కిన మెట్లు అక్కడ దిగిపోతాయి. వారసత్వ ఆస్తిపై 1953లో వచ్చిన ఎస్టేట్ సుంకం 1985లో రద్దయింది. 2015 బడ్జెట్ సంపద పన్నునూ ఎత్తేసి, కోటి దాటిన ఆదాయంపై అదనంగా 2 శాతం సర్‌ఛార్జి పెట్టింది. 2024 ఎన్నికల వేళ అమెరికా వారసత్వ పన్ను గురించి కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా ఒక్క మాట అన్నందుకే దుమారం రేగింది. కాంగ్రెస్ వెంటనే ఆ మాటకు దూరం జరిగింది, బీజేపీ దాన్నే ప్రచారాస్త్రం చేసుకుంది. పుస్తెలు లాక్కుంటారన్న ప్రచారం దాకా వెళ్లిన ఆ చర్చలో ఎంత ఆస్తిపై, ఎంత రేటు అన్న ప్రశ్నకు చోటే దొరకలేదు. వ్యవసాయ ఆదాయం సంగతీ అంతే. అది రాష్ట్రాల జాబితాలోని అంశం. పెద్ద కమతాలపై పన్ను వేయాలని 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ చేసిన సిఫారసు అటకెక్కింది. సన్నకారు రైతును ముందు నిలబెట్టి, ఆ నీడలో పెద్ద ఆదాయాలను దాచుకునే వీలు అలాగే ఉండిపోయింది.

ఇక పరోక్ష పన్నుకు కొనేవారి ఆదాయంతో పనే లేదు. కూలీ కొన్నా కోటీశ్వరుడు కొన్నా సబ్బుపై జీఎస్టీ ఒకటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, టూత్‌పేస్టులపై అది 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆదాయపు పన్ను కోత చేరని ఇళ్లకు చేరేది ఇదే, తగ్గిన మేరకు కంపెనీలు ధర తగ్గిస్తే.

ఈ కోతల ఖర్చులో రాష్ట్రాలకూ వాటా ఉంది. 2025-26కు వర్తించిన 15వ ఆర్థిక సంఘం సిఫారసుల ప్రకారం పంచదగిన కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది, అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం. ఆ లెక్కన వదులుకున్న లక్ష కోట్లలో ఆంధ్రప్రదేశ్ సుమారు 1,660 కోట్లు, తెలంగాణ సుమారు 860 కోట్లు కోల్పోతాయి. సెస్సులు, సర్‌ఛార్జీల రాబడి మాత్రం పంపకంలోకి రాదు. ధనికులపై కేంద్రం అదనంగా వేసే భారం ఎక్కువగా సర్‌ఛార్జి రూపంలోనే ఉంటోంది. వీటిని కూడా పంపకంలో చేర్చనంత కాలం తగ్గింపుల నష్టంలో రాష్ట్రాలకు వాటా, పెంపుల రాబడిపై కేంద్రానికే హక్కు అన్న ఏర్పాటు మారదు.