హూడియా పాఠం: అణువుకు పేటెంటు, జ్ఞానానికి మిగిలిందేమిటి?

సంప్రదాయ ఔషధ మొక్కల నుంచి రసాయనాలను వేరుచేసే పరిశోధనల్లో ప్రయోగశాల విజయం, మూలవాసులకు న్యాయం ఒకటి కావని దక్షిణాఫ్రికా అనుభవం చాటుతోంది.

కలహరి ఎడారిలోని సాన్ ప్రజలు వేటకు వెళ్లినప్పుడు ఆకలిదప్పులు తెలియకుండా హూడియా అనే ముళ్ల మొక్క కాండాన్ని నమిలేవారు. ఆ ఆనవాలుతోనే ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ మొక్క సారాన్ని భాగాలుగా విడదీసి, వాటిని జంతువులపై పరీక్షించి, ఆకలిని అణచే గ్లైకోసైడ్‌ను గుర్తించింది. పీ57గా పేరొందిన ఆ పదార్థానికి 1990లలో పేటెంటు పొందింది. లైసెన్సు బ్రిటన్ సంస్థ ఫైటోఫార్మ్‌కు, దాని ద్వారా ఫైజర్‌కు చేరింది. సాన్ ప్రజల అనుమతిని మాత్రం ఎవరూ కోరలేదు.

2001లో విమర్శలు చెలరేగాక, 2003 మార్చిలో ఒప్పందం కుదిరింది. సీఎస్‌ఐఆర్‌కు అందే రాయల్టీలో 6 శాతం, దశలవారీ చెల్లింపుల్లో 8 శాతం సాన్ ప్రజలకు దక్కాలి. అయితే అదే ఏడాది ఫైజర్ తప్పుకుంది. తర్వాత వచ్చిన యూనిలీవర్ సైతం భద్రత, సామర్థ్యంపై సందేహాలతో 2008లో విరమించుకుంది. విక్రయమే లేనప్పుడు రాయల్టీ ఎక్కడిది?

రూయిబోస్ తేయాకుపై 2019లో కుదిరిన ఒప్పందం ఇందుకు భిన్నం. రైతుకు చెల్లించే ధరపై 1.5 శాతం రుసుము సాన్, ఖోయి సమాజాలకు చేరుతుంది. అక్కడ వాటా ఆధారపడింది పేటెంటుపై కాదు, సాగుతున్న వ్యాపారంపై.

భారత్ సహా వర్ధమాన దేశాలు చిరకాలంగా కోరిన ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఒప్పందం 2024 మేలో జెనీవాలో ఆమోదం పొందింది. పేటెంటు దరఖాస్తులో జన్యు వనరు, సంప్రదాయ జ్ఞానం ఎక్కడివో వెల్లడించాలన్నది దాని సారాంశం. వెల్లడి అవసరమే. కానీ వాటా ఎప్పుడు, దేనిపై లెక్కించాలో పరిశోధన ఆరంభంలోనే తేలకపోతే హూడియా కథ పునరావృతమవుతుంది.